కుట్టు నేర్చుకున్నా పని దొరకడం లేదు, ఏం చేయాలి?

వ్యాఖ్యాత: రాయగడ నుంచి ఒకమ్మాయి లైన్లో ఉంది. చెప్పమ్మా.

కాలర్: నమస్కారం మేడమ్. నాకు 22 ఏళ్లు, ఒడియా మీడియంలో పది పాసయ్యాను. మూడు నెలలు కుట్టు ట్రైనింగ్ చేస్తే సర్టిఫికెట్ ఇచ్చారు, తర్వాత పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడు ఇంకొకాయన బ్యూటీషియన్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ, ఎనిమిది వేలు కట్టమంటున్నాడు.

సలహాదారు: కట్టొద్దు తల్లీ. ముందు ఇది చెప్పు, లైనింగ్ జాకెట్ కొలతలు తీసుకుని నువ్వే కట్ చేయగలవా?

కాలర్: కుట్టడం వచ్చు మేడమ్. కటింగ్ పేపర్ మీదే నేర్పారు. చంక దగ్గర తేడా వచ్చేస్తోంది, అందుకే ఎవరి గుడ్డ ముట్టుకోవాలన్నా టెన్షన్.

సలహాదారు: అదీ సంగతి. గుడ్డ మీద చేయించకుండా సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేపాల్‌లో ఎంప్లాయ్‌మెంట్ ఫండ్ అని నడిపారు, అందులో నేర్పిన సంస్థకి మొత్తం డబ్బు ముందే ఇచ్చేయలేదు, నేర్చుకున్నవాళ్లు నిజంగా సంపాదిస్తున్నారా అని కొన్ని నెలలు చూశాకే మిగతాది ఇచ్చారు, దాంతో పని చూపించే బాధ్యత సంస్థ మీదే పడింది. నువ్వు ఎక్కడ చేరినా పోయిన బ్యాచ్ అమ్మాయిలు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడుగు, ఇద్దరితో మాట్లాడించమను. నీళ్లు నమిలితే వచ్చెయ్యి.

కాలర్: రెండేళ్ల పాప ఉంది మేడమ్. అత్తయ్య కూలికి వెళ్తుంది.

సలహాదారు: ఆడపిల్లల చదువులు, కోర్సులు మధ్యలో ఆగేది ఇక్కడేనమ్మా. లైబీరియాలో 2010లో మొదలైన ఈపాగ్ అనే యువతుల ఉపాధి శిక్షణ కార్యక్రమంలో క్లాసుల టైములో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశారు, ఆరు నెలల క్లాసులయ్యాక ఇంకో ఆరు నెలలు వెంట ఉండి పనిలోనో చిన్న వ్యాపారంలోనో నిలబెట్టారు. శిక్షణ లేనివాళ్లతో పోలిస్తే వీళ్లలో ఉపాధి 47 శాతం, సంపాదన 80 శాతం పెరిగాయి. మనకి ఆర్‌సెటీలు ఉన్నాయి, బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు. ఫీజు లేదు, భోజనం, వసతి ఉచితం, కోర్సయ్యాక రెండేళ్లు మన మంచిచెడ్డలు చూడాలి, లోన్‌కి దారి చూపాలి. పాప సంగతి ముందే చెప్పు, రోజూ వచ్చి వెళ్లే వీలుందా అడుగు.

కాలర్: అప్పటిదాకా?

సలహాదారు: బజార్లో బాగా కుట్టే ఆవిడ దగ్గర మధ్యాహ్నాలు కూర్చో. ఫాల్, పీకో చేసిపెట్టు, బదులుగా కటింగ్ చూపించమను. పాత చీర కోసి అత్తయ్యకే మొదటి జాకెట్ కుట్టు, చంక సరిగ్గా వచ్చేదాకా. ఆధార్, పాస్‌బుక్, పదో తరగతి మార్కుల లిస్టు తీసుకుని సోమవారమే ఆర్‌సెటీకి వెళ్లు.

కాలర్: అత్తయ్యని కూడా తీసుకెళ్తాను మేడమ్, ఆమె వింటే ఒప్పుకుంటుంది.

సలహాదారు: తప్పకుండా తీసుకెళ్లమ్మా.