ఒకే ఏడాది, రెండు డ్యూటీలు

అందరికీ నమస్కారం.

వాతావరణ మార్పు అనగానే ధ్రువాల మంచు దాకా పోను. అది మన పోలీసుల పనిని ఎలా మారుస్తుందో చెప్పడానికి 2023 ఒక్క ఏడాది చాలు.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. దించినప్పుడు కుండపోతే. ఆ జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు. పక్కనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం మిద్దెలెక్కారు. టీవీలో మనం హెలికాప్టర్లు చూశాం. అవి వచ్చేలోపు ఇలాంటి ఊళ్లవాళ్లు ఫోన్ చేసేది పోలీస్ స్టేషన్‌కే. అక్కడ ఉండేది జీపు, లాఠీ, మహా అయితే ఓ తాడు. ఈత వచ్చిన కానిస్టేబుల్ ఎవరా అని అప్పుడు వెతుక్కోవాలి.

పడవ దొరికినా మనుషులు కదలరు. "గొడ్లను వదిలి ఎట్లొస్తం సారూ" అంటారు. మొండితనం అనుకోకండి. రెండు పాడిగేదెలు పోతే ఆ ఇంట్లో పిల్లల ఫీజులూ అప్పు కిస్తీలూ ఆగిపోతాయి. గొడ్లను ఎక్కడ కట్టేయాలో ముందే చూసిపెట్టిన ఎస్సై మాటకు ఊరు కదులుతుంది. లాఠీకి కదలదు.

తర్వాత ఆగస్టు. 1901 నుంచి లెక్క చూస్తే దేశంలో అంత ఎండిన ఆగస్టు లేదు. నవంబర్ 30న, సరిగ్గా తెలంగాణ పోలింగ్ నాడు, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీదికొచ్చి 26 గేట్లలో సగం దగ్గర ముళ్లకంచె వేశారు. అవతల తెలంగాణ పోలీసులు. చివరికి కేంద్ర బలగాలు దిగాయి. ఆ నీళ్ల తగాదాకు మూలం రాష్ట్ర విభజన, నిజమే. కానీ డ్యాం నిండుగా ఉంటే అంత తెగింపు వచ్చేదా?

డ్యాం గొడవ పేపర్లోకి ఎక్కింది. కాలువ గట్ల గొడవ ఎక్కదు. నీళ్లు తక్కువైన ఏడాది ఎగువ రైతు కాలువలో మోటారు దించుతాడు, చివరి ఆయకట్టు రైతు కేసు పెట్టమని స్టేషన్‌కొస్తాడు. రాత్రిళ్లు కాలువ నీళ్లు చూసే లస్కరు వెంట కానిస్టేబుల్ గట్టు మీద తిరగాలి. వరదలో మోసుకొచ్చిన మనిషి మోటారునే డిసెంబర్‌లో పీకాల్సి రావచ్చు. దానికి పతకాలుండవు, తిట్లుంటాయి.

ఎస్సైలకు నేను చెప్పేది ఒకటే. మే నెలలోనే ఈతగాళ్ల పేర్లు, ట్రాక్టర్లున్నవాళ్ల నంబర్లు, గొడ్లకు మెరక స్థలాలు నోట్‌బుక్కులో రాసుకోండి. వెనక పేజీల్లో లస్కర్ల నంబర్లు, చివరి ఆయకట్టు ఊళ్ల పేర్లు రాయండి. ఇక మీరు అడగండి.