ఫోన్-ఇన్ కార్యక్రమం: భూగోళ, పర్యావరణ శాస్త్ర విద్యార్థులకు రాబోయే సదస్సులు, అవకాశాలు

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం బోధిస్తున్న ఆచార్యులు ఈ రోజు మన స్టూడియోకు వచ్చారు. మేడమ్, నమస్కారం. అప్పుడే మొదటి ఫోన్ వచ్చింది. చెప్పండి, మీరు లైన్‌లో ఉన్నారు.

మొదటి శ్రోత: నమస్కారం మేడమ్. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో భూగోళశాస్త్రం చదువుతున్నాను. మా కళాశాలలో ఏడాది పొడవునా ఏవో దినోత్సవాలు జరుగుతాయని సీనియర్లు చెబుతున్నారు. వాటిలో ఏవి ఉపయోగపడతాయి?

ఆచార్యులు: బాబూ, నవంబరు మూడో బుధవారం జరిగే జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో పటాలు తయారుచేసి విశ్లేషించే విధానం, దాని దినోత్సవాన్ని మాత్రం వదులుకోవద్దు. 1999లో మొదలైన ఈ దినోత్సవం నాడు చాలా విభాగాలు తమ ల్యాబ్‌లోకి బయటివారిని కూడా రానిస్తాయి, పటాల ప్రదర్శన పెడతాయి, చేతికి సాఫ్ట్‌వేర్ ఇచ్చి చేయిస్తాయి. ఫిబ్రవరి 2న చిత్తడి నేలల దినోత్సవం వస్తుంది. చిత్తడి నేలల రక్షణకు 1971లో రామ్‌సర్ ఒప్పందం కుదిరిన తేదీ అది. మార్చి 22న నీటి దినోత్సవం, మర్నాడే వాతావరణ దినోత్సవం, ఆ తరువాత ఏప్రిల్ 22న ధరిత్రీ దినోత్సవం, జూన్ 5న పర్యావరణ దినోత్సవం ఉంటాయి. వీటిలో ప్రసంగాలతో, దండలతో ముగిసిపోయేవి కొన్ని ఉంటాయి, వాటికి వెళ్లకపోయినా నష్టం లేదు. క్షేత్ర పర్యటన ఉన్నవాటికి తప్పక వెళ్లండి. ఇంకొక మాట, మీరు నిర్వాహక బృందంలో పేరు ఇవ్వండి. వక్తను ఎదురు వెళ్లి తీసుకువచ్చే విద్యార్థికి ఆయనతో తీరికగా మాట్లాడే వీలు దొరుకుతుంది. హాలులో వెనక వరుసలో కూర్చున్నవారికి అది దొరకదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తరువాతి శ్రోత, చెప్పండి.

రెండవ శ్రోత: మేడమ్, నమస్కారం. నేను ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక సరస్సు విస్తీర్ణం ఎలా తగ్గుతూ వచ్చిందో ఉపగ్రహ చిత్రాలతో చూడడం నా ప్రాజెక్టు. మా గైడ్ గారు ఏదైనా సదస్సుకు అబ్‌స్ట్రాక్ట్, అంటే పరిశోధన సారాంశం, పంపమంటున్నారు, కానీ ఏ సదస్సో చెప్పడం లేదు. నా స్నేహితులందరూ సెమినార్లకు వెళ్లి సర్టిఫికెట్లు తెచ్చుకున్నారు, నా దగ్గర ఒక్కటీ లేదు. మధ్యలో ఆన్‌లైన్ కోర్సు ఒకటి మొదలుపెట్టి సగంలో ఆపేశాను. వేసవి శిక్షణ శిబిరానికి దరఖాస్తు చేద్దామనుకునేలోపే గడువు అయిపోయింది. అసలు పీహెచ్‌డీకి ఎన్ని సర్టిఫికెట్లు ఉండాలి మేడమ్?

ఆచార్యులు: సర్టిఫికెట్ల సంగతి తరువాత చూద్దాం. ముందు నీ సరస్సు సంగతి చెప్పమ్మా. ఏ చిత్రాలు వాడుతున్నావు?

రెండవ శ్రోత: పాత సంవత్సరాలకు ల్యాండ్‌శాట్, ఈ మధ్యవాటికి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు తీసుకున్నాను. ఎన్‌డీడబ్ల్యూఐ, అంటే చిత్రంలో నీటిని గుర్తించే సూచిక, తీసి నీటిని వేరు చేశాను. కానీ ఒడ్డున ఉన్న భవనాలు కూడా నీరుగానే వస్తున్నాయి మేడమ్. అందుకే ఇంకా సిద్ధం కాలేదని ఎక్కడికీ పంపలేదు.

ఆచార్యులు: సదస్సులో గోడకు పెట్టి చూపించే పోస్టరు ఉంటుంది చూడు, నీ పోస్టరు అదేనమ్మా! నువ్వు లోపం అనుకుంటున్న చోటే చెప్పదగిన విషయం ఉంది. ఎన్‌డీడబ్ల్యూఐ ఆకుపచ్చ, సమీప పరారుణ బ్యాండ్ల మీద, అంటే వెలుగులోని ఆ రెండు భాగాల మీద ఆధారపడుతుంది కనుక, కొన్ని కట్టడాలు కూడా నీటిలాగే సున్నాకు పైన విలువ చూపిస్తాయి. సమీప పరారుణానికి బదులు షార్ట్‌వేవ్ పరారుణం తీసుకునే సవరించిన సూచికను 2006లో షూ అనే పరిశోధకుడు ప్రతిపాదించింది ఈ ఇబ్బంది వల్లే. అది కూడా చేసి రెండు పటాలనూ పక్కపక్కన పెట్టు. సెంటినెల్-2లో ఆకుపచ్చ బ్యాండు పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో గడి, 10 మీటర్లది, షార్ట్‌వేవ్ బ్యాండు 20 మీటర్లది. రెంటినీ ఏ కొలతకు తెచ్చావో తప్పకుండా రాయాలి. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లది కాబట్టి, ఒడ్డు వెంబడి వచ్చే తేడాలో ఎంత నిజంగా సరస్సు తగ్గినందువల్ల వచ్చింది, ఎంత పిక్సెల్ పరిమాణం వల్ల వచ్చింది అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అన్ని చిత్రాలూ ఒకే నెలవేనా?

రెండవ శ్రోత: కాదు మేడమ్. మబ్బు లేనివి ఏవి దొరికితే అవి తీసుకున్నాను.

ఆచార్యులు: అయితే ముందు అది సరిచేయి. వానల తరువాతి చిత్రాన్ని ఎండల్లో తీసినదానితో పోల్చి సరస్సు తగ్గిందంటే ఎవరూ ఒప్పుకోరు. ల్యాండ్‌శాట్ పాత చిత్రాలన్నీ 2008 నుంచి ఉచితమే కనుక, అదే కాలంలో తీసినవి వెతికితే దొరుకుతాయి. ఆ తరువాత ఒక రోజు ఒడ్డుకు వెళ్లి, జీపీఎస్‌తో కొన్ని చోట్ల గుర్తులు తీసుకుని సరిచూసుకో. ఇంత అయ్యాక రెండు మూడు వందల పదాల్లో ప్రశ్న, పద్ధతి, ఫలితం రాస్తే అదే అబ్‌స్ట్రాక్ట్ అవుతుంది. అందరికీ చెప్పే మాటే నీకూ చెబుతున్నాను. సదస్సు తేదీ చూసే ముందు అబ్‌స్ట్రాక్ట్ ఆఖరి తేదీ చూడాలి. వియన్నాలో ఐరోపా భూవిజ్ఞానాల సంఘం సభ ఏప్రిల్ ప్రాంతంలో జరుగుతుంది, దాని గడువు జనవరిలోనే ముగుస్తుంది. అమెరికా భూభౌతిక సంఘం సభ డిసెంబరులో జరుగుతుంది, దానికి జూలై నెలాఖరు ప్రాంతంలోనే పంపాలి. అక్కడికే వెళ్లమని నేననను. మొదటిసారి మీ విశ్వవిద్యాలయంలో జరిగే విద్యార్థి సదస్సులో పోస్టరు పెట్టడం మేలు, అక్కడ తడబడినా సర్దుకోవచ్చు.

రెండవ శ్రోత: సరే మేడమ్. మరి సర్టిఫికెట్లు ఎన్ని ఉండాలి? మా స్నేహితురాలికి అయిదు ఉన్నాయి.

ఆచార్యులు: చూడమ్మా, ఇంతసేపూ నేను చెప్పినది దాని గురించే. పీహెచ్‌డీ ముఖాముఖిలో మేము అడిగేది ప్రాజెక్టు గురించి. ఈ గీత ఇక్కడ ఎందుకు వచ్చిందని మీరు తెచ్చిన పటాన్ని చూపించి అడుగుతాం. అయిదు సర్టిఫికెట్లు తెచ్చి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేనివారిని చాలామందిని చూశాను. అయితే నీకు బెంగగా ఉందని నాకు అర్థమైంది. ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే నాసా వారి ఆర్‌సెట్ శిక్షణలున్నాయి. వాటిని 2009 నుంచి ఉచితంగా ఇస్తున్నారు, నీటి వనరుల మీద కూడా పాఠాలున్నాయి. ఒక్కటి ఎంచుకుని పూర్తిగా చేయి. సగంలో ఆపినదాన్ని దరఖాస్తులో రాయకు. ధైర్యంగా ఉండు, నీ పని బాగుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. చాలామంది ఎదురు చూస్తున్నారు. తరువాతి శ్రోత, క్లుప్తంగా చెప్పండి.

మూడవ శ్రోత: అమ్మా, నమస్కారం. మా అబ్బాయి పర్యావరణ శాస్త్రం చదువుతున్నాడు. విదేశంలో జరిగే సదస్సుకు పేపరు పంపిన మర్నాడే ఆమోదించామని, రెండు రోజుల్లో ఫీజు కట్టాలని ఉత్తరం వచ్చింది. కట్టమంటారా?

ఆచార్యులు: కట్టకండి. పేపరును ఇతర నిపుణులు చదివి ఒకే రోజులో ఆమోదించడం జరిగే పని కాదు. ఒకే సదస్సులో వైద్యం, ఇంజినీరింగు, పర్యావరణం, నిర్వహణ శాస్త్రం అన్నీ కలిపి ఉన్నాయా చూడండి. కమిటీలో వేసిన ఆచార్యులకు విశ్వవిద్యాలయ చిరునామా మీద ఉత్తరం రాసి, ఆ సదస్సుతో మీకు సంబంధం ఉందా అని అడగమనండి. తమ పేరు అక్కడ ఉన్నట్టు తెలియనివారు కూడా ఉంటారు. ఫీజు అడిగినంత మాత్రాన మోసమని కాదు, మంచి సదస్సులకూ ఫీజు ఉంటుంది. అయితే వాటిలో చాలావరకు విద్యార్థులకు రాయితీ, కొన్నింటిలో ప్రయాణ సహాయం కూడా ఇస్తారు. డబ్బు కట్టే ముందు విభాగంలో ఒకరికి చూపించాలని అబ్బాయికి గట్టిగా చెప్పండి.

మూడవ శ్రోత: బతికించారమ్మా. వాడికి ఇప్పుడే చెబుతాను.

వ్యాఖ్యాత: తరువాతి ఫోన్.

నాలుగవ శ్రోత: మేడమ్, నేను వాతావరణ మార్పు మీద చదువుతున్నాను. కాప్, అంటే ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుకు విద్యార్థిగా వెళ్లడం ఎలా?

ఆచార్యులు: వ్యక్తిగతంగా పేరు నమోదు చేసుకుని వెళ్లడం కుదరదు బాబూ. ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం కింద పరిశీలక హోదా ఉన్న సంస్థ ద్వారా గుర్తింపు కార్డు రావాలి. మీ విశ్వవిద్యాలయానికి ఆ హోదా ఉందో లేదో ముందు అడిగి తెలుసుకోండి. యువజన సంస్థలకైతే యంగో అనే వేదిక ఉంది. కార్డులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. ఇక్కడా అదే మాట, ఆఖరి తేదీ సభకు ఎంతో ముందుంటుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మరొకరు లైన్‌లో ఉన్నారు.

అయిదవ శ్రోత: నమస్తే మేడమ్. నేను ఇంకా కళాశాలకు రాలేదు, పదహారేళ్లు. భూగోళశాస్త్రంలో పోటీలేవైనా ఉన్నాయా?

ఆచార్యులు: భేషుగ్గా ఉన్నాయి తల్లీ! అంతర్జాతీయ భూగోళశాస్త్ర ఒలింపియాడ్ 1996లో హేగ్ నగరంలో మొదలైంది. విశ్వవిద్యాలయంలో చేరని 16 నుంచి 19 ఏళ్ల వారికి అది. దేశానికి నలుగురితో జట్టు ఉంటుంది. రాత పరీక్ష, చిత్రాలతో కూడిన మల్టీమీడియా పరీక్ష, క్షేత్ర పని అని మూడు భాగాలు. క్షేత్ర పనిలో నడిచి చూసి పటం గీయాలి. బట్టీ పట్టినవారు అక్కడే చిక్కుకుంటారు. మీ దేశం జట్టును ఎలా ఎంపిక చేస్తుందో మీ టీచరుగారిని అడుగు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ తీసుకుందాం.

ఆరవ శ్రోత: మేడమ్, మా కళాశాలలో భూగోళశాస్త్ర విభాగమే లేదు. వృక్షశాస్త్రం చదువుతున్న మేము నలుగురం కలిసి పటాల మీద ఏదైనా చేయాలనుకుంటున్నాం. డబ్బు లేదు.

ఆచార్యులు: మ్యాపథాన్, అంటే అందరూ కలిసి కూర్చుని పటాలు గీసే కార్యక్రమం, పెట్టండి. ఎవరైనా గీయగలిగే ఉచిత ఆన్‌లైన్ పటం, 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిస్తే చాలు, డబ్బు అక్కరలేదు. కంప్యూటర్ ల్యాబ్‌ను ఒక సాయంత్రం అడిగి తీసుకోండి. విపత్తు ప్రాంతాలను గళ్లుగా విభజించి ఉంచుతారు, ఒక్కొక్కరు ఒక గడి తీసుకుని ఉపగ్రహ చిత్రం మీద ఇళ్ల ఆకారాలు గీయాలి. కొత్తవారు పైకప్పు అంచు గీసి వదిలేస్తారు. చిత్రం వాలుగా తీసినదైతే పైకప్పు పక్కకు జరిగి కనిపిస్తుంది. అప్పుడు గీసిన ఆకారాన్ని ఇంటి పునాది మీదికి జరపాలి. మీరు గీసినదాన్ని అనుభవం ఉన్నవారు సరిచూస్తారు, వాళ్లు తప్పులు చెబితే నొచ్చుకోకండి. ఇలా పటాలు గీసే విద్యార్థుల సంస్థ యూత్‌మ్యాపర్స్‌లో విద్యార్థి శాఖగా చేరవచ్చు. అందుకు ఒక అధ్యాపకుడు తోడుండాలి, ఆయన ఏ విభాగం వారైనా...

వ్యాఖ్యాత: క్షమించండి మేడమ్, సమయం అయిపోయింది. లైన్‌లో ఉన్న మిగతావారు వచ్చే వారం ఫోన్ చేయవచ్చు. మేడమ్‌కు ధన్యవాదాలు, శ్రోతలకు నమస్కారం.