వాంతూ కొండకు మూడు దారులు

శ్రోతలకు నమస్కారం.

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగాన, ప్రొవాన్స్ ప్రాంతంలోని వోక్లూజ్ జిల్లాలో, ద్రాక్షతోటల మైదానం అంచున మోన్ వాంతూ అనే కొండ ఒంటరిగా లేచి నిలబడి ఉంటుంది. దాని ఎత్తు దాదాపు 1,910 మీటర్లు. ఆల్ప్స్ శిఖరాల పక్కన ఇదేమంత ఎత్తు కాకపోయినా, దగ్గరలో సాటి కొండ లేనందువల్ల ఎంతో దూరం నుంచే కనిపిస్తుంది. నడివేసవిలో కూడా శిఖరం తెల్లగా మెరుస్తుంటే కొత్తవారు మంచు అనుకుంటారు గాని, అది చెట్టూచేమా లేని సున్నపురాయి. టూర్ ద ఫ్రాన్స్ అనే సైకిలు పందెం 1951లో మొదటిసారి ఈ కొండ ఎక్కింది. అప్పటి నుంచి సైకిలు ప్రియులందరికీ దీని పేరు తెలుసు. అయితే నేను ఈరోజు చెప్పదలచుకున్నది పందెం గురించి కాదు. పందెంతో పనిలేని మామూలు మనిషి ఈ కొండసీమలో సైకిలు మీద ఏ దారిన వెళ్తే బాగుంటుందన్నదే నా విషయం. ఈ సీమ సౌందర్యం శిఖరం మీద కన్నా, అక్కడికి చేర్చే దారుల్లోనే ఎక్కువగా ఉందని నా నమ్మకం.

శిఖరానికి మూడు తారురోడ్లు ఉన్నాయి. దక్షిణాన బెద్వాన్ గ్రామం నుంచి ఒకటి, వాయవ్యాన మలోసెన్ నుంచి ఒకటి, తూర్పున సో అనే ఊరి నుంచి మరొకటి. మొదటి రెండూ ఇంచుమించు 21 కిలోమీటర్ల పొడవున సుమారు 1,600 మీటర్లు పైకెక్కుతాయి. సో దారి 26 కిలోమీటర్లు. ఆ ఊరే ఎత్తున ఉండడం వల్ల ఎక్కవలసింది దాదాపు 1,200 మీటర్లు.

పేరంతా బెద్వాన్ దారిదే. దాని సగటు ఎక్కుడు నూటికి ఏడున్నర, అంటే వంద మీటర్లు ముందుకు సాగితే ఏడున్నర మీటర్లు పైకి లేస్తామన్నమాట. ఈ సగటును నమ్ముకుని బయలుదేరడం మంచిది కాదు. తొలి అయిదారు కిలోమీటర్లు ద్రాక్షతోటల మధ్య మెల్లగా సాగుతాయి కాబట్టి కొత్తవారు ఉత్సాహంగా తొక్కేస్తారు. సెంతెస్తెవ్ దగ్గర ఒక పెద్ద మలుపు తిరగగానే రోడ్డు అడవిలోకి దూరుతుంది. అక్కడి నుంచి షాలే రెనార్ అనే మజిలీ వరకు, ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్ల పొడవునా, ఎక్కుడు నూటికి తొమ్మిదీ పదీ మధ్య ఉండి ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. రోడ్డు పక్కన ఉండే కిలోమీటరు రాళ్ల మీద శిఖరం ఇంకా ఎంత దూరమో, రాబోయే కిలోమీటరు ఎంత ఏటవాలో రాసి ఉంటుంది. ఆ అంకెలను చూసి బలాన్ని పొదుపుగా వాడుకునేవారే పైకి చేరతారు.

ఆ అడవికి కూడా ఒక చరిత్ర ఉంది. ఓడల నిర్మాణానికి, వంటచెరకుకు, మేకల మేతకు శతాబ్దాల పాటు ఈ కొండను నరికి, మేపి బోడిగుండు చేశారు. వానలకు మట్టి కొట్టుకుపోయి కింది గ్రామాలు దెబ్బతింటుండడంతో 1860ల నుంచి మళ్లీ చెట్లు నాటారు. ఓక్, పైన్ చెట్లతో పాటు ఉత్తర ఆఫ్రికాలోని అట్లాస్ పర్వతాల దేవదారు జాతిని తెచ్చి పెంచారు. ఈరోజు సైకిలు తొక్కేవారికి నీడనిస్తున్నది మనుషులు నాటిన అడవే. 1990లో యునెస్కో ఈ కొండను జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది.

షాలే రెనార్ దాటాక చెట్లు అయిపోతాయి. మిగిలిన ఆరు కిలోమీటర్లూ తెల్లరాళ్ల మధ్య ప్రయాణం. ఎండ ఉంటే రాళ్ల మీద పడి ముఖానికి కొడుతుంది. మిస్ట్రాల్ గాలి లేస్తే సైకిలును నిలబెట్టడమే కష్టం. ఆల్ప్స్‌కూ మధ్య ఫ్రాన్సు పీఠభూమికీ నడుమ రోన్ నది లోయలో చిక్కుకుని వేగం పుంజుకునే చల్లని ఉత్తరపు గాలి ఇది. 2016లో ఈ గాలికి భయపడే టూర్ నిర్వాహకులు గమ్యాన్ని శిఖరం నుంచి షాలే రెనార్‌కు దించారు. శిఖరానికి కొద్ది దూరంలో ఒక స్మారక శిల ఉంది. 1967 జూలై 13న టూర్ పందెంలో తొక్కుతున్న ఇంగ్లండు సైకిలు క్రీడాకారుడు టామ్ సింప్సన్ తీవ్రమైన ఎండలో, ఉత్తేజక మందుల ప్రభావంలో ఇక్కడే కుప్పకూలి 29 ఏళ్లకే మరణించాడు. దారిన పోయే సైకిలిస్టులు ఆగి అక్కడ ఒక నీళ్ల సీసానో టోపీనో ఉంచి వెళ్తారు. శరీరం చాలు అన్నప్పుడు ఆగడం తెలియాలని ఆ శిల దగ్గర ఎవరూ చెప్పనక్కరలేదు.

మొదటిసారి వెళ్లేవారికి నేను సిఫార్సు చేసేది మాత్రం నెస్క్ లోయ దారి. బెద్వాన్ నుంచి ఫ్లాసాన్ మీదుగా విల్ సుర్ ఓజోన్ చేరి, అక్కడి నుంచి నెస్క్ వాగు కోసిన ఇరుకు లోయ అంచున సాగే రోడ్డు పట్టుకోవాలి. ఇరవై కిలోమీటర్ల పాటు ఎక్కుడు నూటికి రెండు మూడు మించదు కాబట్టి తొక్కుతూనే మాట్లాడుకోవచ్చు, చూడవచ్చు. రోడ్డును కొండచరియలోనే తొలిచారు. మధ్యమధ్య పొట్టి సొరంగాలు వస్తాయి. ఒక పక్క రాతిగోడ, మరో పక్క వందల మీటర్ల లోతు. 734 మీటర్ల ఎత్తున ఉన్న కాస్తెలారా దగ్గర ఆగితే ఎదురుగా రోషే దు సీర్ అనే మహాశిల నిట్టనిలువుగా కనిపిస్తుంది. వాహనాల రద్దీ చాలావరకు వేరే రోడ్డున పోవడం వల్ల, లోయలో మీ చైను చప్పుడు మీకే వినిపించేంత నిశ్శబ్దం ఉంటుంది. లోయ దాటితే సో పీఠభూమి. జూన్ చివరి నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా అక్కడ పొలాలన్నీ లావెండర్ పూలతో ఊదారంగు పట్టుచీర పరిచినట్టుంటాయి. అక్కడి నుంచి సో దారిన షాలే రెనార్ చేరి బెద్వాన్‌కు దిగిపోతే మొత్తం 70 కిలోమీటర్ల చుట్టు. ఓపిక మిగిలి ఉంటే షాలే రెనార్ నుంచి శిఖరం ఆరు కిలోమీటర్లే.

ఇటువంటి ప్రయాణాలను మామూలు మనుషులకు అందుబాటులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు పోల్ ద వీవీ. వెలోసియో అనే కలంపేరుతో ప్రసిద్ధుడైన ఈయన 1853లో ఈ కొండకు దగ్గరలోనే ఉన్న పెర్న్ లే ఫోంతెన్‌లో పుట్టాడు. సెంతెతియెన్ నగరంలో స్థిరపడి, 1887లో సైకిలు పత్రిక స్థాపించి, ఒకే గేరుతో కొండలెక్కడం మోకాళ్లకు శిక్ష అని, సైకిలుకు పలు గేర్లు ఉండాలని జీవితాంతం వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులు గేర్లు మార్చే యంత్రాన్ని 1937 దాకా అనుమతించనేలేదు. అప్పటికి ఆయన పోయి ఏడేళ్లు. నేటి సైకిలుకు ముందు 34 పళ్లు, వెనుక కూడా 34 పళ్లు ఉన్న గేరు వేయించుకుంటే, సాధన చేసిన యాభై ఏళ్ల మనిషి కూడా సో దారిన నిదానంగా ఎక్కగలడు.

మూడు దారులనూ ఒకే రోజున ఎక్కేవారికి 1988 నుంచి ఒక క్లబ్బు ఉంది. ప్రతి ఊళ్లోనూ కార్డు మీద ముద్ర వేయించుకుంటూ మొత్తం 4,400 మీటర్లు ఎక్కాలి. హైదరాబాదులో 200, 300 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే నిర్ణీత గడువులో ముగించవలసిన దూరప్రయాణాలు, తొక్కేవారికి ఈ కార్డు పద్ధతి పరిచితమే, ఆ బ్రెవేల సంప్రదాయం కూడా ప్యారిస్ సైకిలు క్లబ్బు నుంచి వచ్చినదే కాబట్టి.

వెళ్లేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. నవంబరు మధ్య నుంచి వసంతం దాకా మంచు వల్ల శిఖరం రోడ్డు మూసి ఉంటుంది. మే చివర, జూన్, సెప్టెంబరు అనుకూలమైన కాలం. పైన వాతావరణం కింద కన్నా సుమారు పది డిగ్రీలు చల్లగా ఉంటుంది గనుక, చెమటతో తడిసిన ఒంటితో దిగేటప్పుడు గాలి ఆపే పల్చని కోటు తప్పనిసరి. పల్లెల్లో దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం రెండు గంటల పాటు మూస్తారు. కనుక రొట్టె, అరటిపళ్లు ఉదయమే కొనిపెట్టుకోవాలి. ఊరి కూడలిలోని ఫౌంటెన్ల నీళ్లు పట్టుకునే ముందు, అవి తాగవచ్చునో లేదో తెలిపే బోర్డు చూసుకోవాలి. ఊరి బయట సైకిలును దాటే వాహనం మీటరున్నర దూరం పాటించాలని ఫ్రెంచి చట్టం చెబుతోంది.

ఇంత ఎత్తు వద్దనుకునేవారికి పశ్చిమాన దాంతెల్ ద మోన్‌మిరాయ్ కొండలున్నాయి. రంపపు పళ్లలాంటి ఆ రాళ్ల చుట్టూ, బోమ్ ద వెనీజ్ నుంచి సుజెత్ మీదుగా మలోసెన్‌కు పోయే సన్నని దారిలో కనుమలు అయిదు వందల మీటర్ల ఎత్తు కూడా మించవు. ఆలివ్ తోటల మధ్య ఆ దారిని ఒక పూటలో తొక్కి, భోజనం వేళకు మలోసెన్ చేరవచ్చు.