డబ్బు పోయింది సరే, ఎలా పోయింది?

అందరికీ నమస్కారం. అనువాదం నేర్చుకుంటున్న మీతో ఈ రోజు, ఇతరుల డబ్బు కాజేయడాన్ని చెప్పే ఆరు ఇంగ్లీషు మాటల గురించే మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట మా వీధిలో ఉండే ఒకావిడ, ఇంగ్లీషులో ఫిర్యాదు రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘం వాళ్లది. నెలనెలా వాయిదాలు వసూలుచేసి బ్యాంకులో కట్టాల్సిన లీడరు ఐదు నెలలుగా కట్టలేదు. నేను ‘చీట్’ చేసిందని రాశాను. ఆ కాగితం చూసిన లాయరు ఒక్క మాట అడిగారు.

“ఆమె మొదట్నుంచీ ఇంతేనా అమ్మా?”

“లేదండీ, మూడేళ్లు పైసాతో సహా కట్టింది. రసీదులు కూడా ఉన్నాయి.”

“అయితే ఇది చీటింగ్ కాదు” అన్నారాయన.

అసలు తేడా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దురుద్దేశం ఎప్పుడు పుట్టింది? డబ్బు చేతికి రాకముందే పుట్టి, అబద్ధం చెప్పి తీసుకుంటే చీటింగ్. మనం నమ్మి అప్పగించాక, ఆ సొమ్మును సొంతానికి వాడుకుంటే ఎంబెజిల్‌మెంట్. క్యాషియరు, కోశాధికారి చేయగలిగే నేరం అది. దారినపోయే వాడు మన డబ్బు దొంగిలించగలడు కానీ, ఎంబెజిల్ చేయలేడు. తెలుగులో దీనికి ‘కైంకర్యం’ అనే మాట ఉంది. దేవుడి సేవకు వాడే మాటనే, అప్పగించిన సొమ్మును దిగమింగడానికీ వాడుతున్నాం. ఎంబెజిల్‌కు ఇంతకంటే దగ్గరి మాట నాకు కనిపించలేదు.

మన చట్టం దీన్నే నేరపూరిత నమ్మకద్రోహం అంటుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి, అంటే ఐపీసీలో 405 నుంచి 409 వరకు సెక్షన్లు దానివి. చీటింగ్‌ది 420. అందుకే మోసగాణ్ని ఫోర్ ట్వంటీ అంటాం. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 316, 318 అయ్యాయి. ఒకే లావాదేవీకి ఈ రెండు నేరాలూ కలిపి అంటగట్టడం కుదరదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఫ్రాడ్ అన్నిటికంటే విశాలమైన మాట. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖ గుర్తుందా? లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవన్నారు. లేని డబ్బును ఉన్నట్టు చూపి మదుపరులను నమ్మించారు. ఆ లేఖ బయటపెట్టిన పనికి సరైన పేరు ఫ్రాడ్.

స్విండిల్ జర్మన్ నుంచి వచ్చింది. తల తిరగడం అనే అర్థం దాని మూలంలో ఉంది. మాటలతో మత్తెక్కించి లాగేయడం, మన ‘బురిడీ కొట్టించడం’. దాని పక్కదే ‘కాన్’. 1849లో న్యూయార్క్‌లో ఒకడు దారినపోయే వాళ్లతో మాట కలిపి, నా మీద నమ్మకముంటే రేపటిదాకా మీ వాచీ ఇవ్వండి అని అడిగి తీసుకుపోయేవాడు. నమ్మకాన్ని ఇంగ్లీషులో కాన్ఫిడెన్స్ అంటారు కదా, ‘కాన్’ దాని ముక్కే.

ఎక్స్‌టార్షన్‌కు అబద్ధంతో పనిలేదు. లాటిన్‌లో మెలిపెట్టడం అనే మాట నుంచి వచ్చింది. బెదిరించి గుంజడం అంతే. ఇక్కడ మీరు జాగ్రత్తగా ఉండాలి. డిజిటల్ అరెస్ట్ వార్తలను ‘మోసపోయిన వృద్ధుడు’ అనే శీర్షికతో రాస్తున్నారు. పోలీసు వేషం అబద్ధమే. కానీ వీడియో కాల్‌లో గంటల తరబడి కూర్చోబెట్టి ఆ పెద్దాయనతో డబ్బు పంపించింది భయం. ‘మోసపోయాడు’ అనగానే తప్పు ఆయన తెలివి మీదికి పోతుంది. ‘బెదిరించి గుంజారు’ అని రాయండి, తప్పు చేసినవాళ్ల మీదే ఉంటుంది. ఈ విషయంలో నాకు చాలా బాధ ఉంది.

ఆవిడ ఫిర్యాదు ఆ రాత్రే తిరగరాశాను. ‘మేం పదిమందిమీ నమ్మి అప్పగించిన డబ్బు’ అని మొదలుపెట్టాను. మూడేళ్ల రసీదులన్నీ దారంతో కట్టి ఆవిడ దానికి జతచేసింది.