తెర పక్కన నిలబడి

అందరికీ నమస్కారం. పెళ్లి ఫోటోలు తీయడం ఈమధ్యే మొదలుపెట్టినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుకని కెమెరా సంగతికంటే ముందు అడ్డుతెర సంగతి చెబుతాను.

సుముహూర్తం దాకా వధూవరుల మధ్య తెర పట్టుకుంటారు. ఒకరి తలపై ఒకరు జీలకర్ర, బెల్లం పెట్టే ఘడియలో ఫోటోగ్రాఫర్లందరూ వేదిక ఎదురుగా గుమిగూడతారు. నేను తెర అంచు దగ్గరకు వెళ్లి పక్కగా నిలబడతాను. అక్కడినుంచి రెండు వైపులా కనిపిస్తుంది. ఇటు అమ్మాయి కళ్లు మూసుకుని ఉంటుంది, వెనుక మేనమామ చెయ్యి ఆమె భుజం మీద ఉంటుంది. అటు అబ్బాయి, తెర కింద నుంచి ఆమె పాదాలైనా కనిపిస్తాయేమోనని తల వంచుతాడు. పందిట్లో వందలమంది ఉన్నా ఆ రెండు ముఖాలూ ఒకేసారి కనిపించేది తెర పట్టుకున్నవాళ్లకూ, పురోహితుడికీ, నాకూ మాత్రమే.

ఆ చోటు నాకు చూపించింది ఒక పురోహితుడు. తొలి రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఏ తంతు తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ గట్టిమేళం మోగుతుందో పుస్తకంలో రాసుకున్నాను. ‘మాంగల్యం తంతునానేన’ చదవడం మొదలైతే ఇంకెంత వ్యవధి ఉందో తెలిసినవాడు కంగారుపడడు. చుట్టూ చూడగలుగుతాడు. అనుకోకుండా జరిగేదాన్ని పట్టుకోవాలంటే జరగబోయేది కంఠతా వచ్చి ఉండాలి.

ఒక మాట గట్టిగానే చెబుతాను. తాళి కడుతున్న అబ్బాయిని ‘ఆగండి, ఇటు చూడండి’ అనకండి. జీలకర్ర, బెల్లం రెండోసారి పెట్టించకండి. పెద్దలు లగ్నం చూసి పెట్టుకున్న ముహూర్తాన్ని మన బొమ్మ కోసం ఆపే హక్కు మనకు లేదు.

ఆగి, బిగుసుకుని, ఇటు చూడడం అనే అలవాటు ఎక్కడిదో తెలుసా? రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన కాలంలో కెమెరాకు మూడుకాళ్ల స్టాండు, లోపల గాజు పలక ఉండేవి. మనిషి కదిలితే బొమ్మ చెదిరేది. ఆ ఇబ్బంది ఎప్పుడో తీరిపోయింది. తర్వాత 36 ఫ్రేముల ఫిల్ము రీలు వచ్చింది, ఇప్పుడు కార్డులో వేల బొమ్మలు పడుతున్నాయి. అయినా మనం ‘కదలకండి’ అనడం మానలేదు.

నేను పెళ్లికూతుర్ని చేసే రోజే ఆ ఇంటికి వెళతాను. మొదటి గంట కెమెరా బయటికి తీయను. వాళ్లు పెట్టింది తింటాను, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకుంటాను. మర్నాటికి పిల్లలకు నేను కొత్తవాణ్ని కాను. దూరం నుంచి పెద్ద లెన్సుతో, తెలియకుండా తీయడం నాకు నచ్చదు. 35 ఎంఎం లెన్సుతో దగ్గరగా ఉంటాను. నేనున్నానని వాళ్లకు తెలుసు, తెలిసి కాసేపటికి మరిచిపోతారు. ఆ మరపు వాళ్లు మనకిచ్చే చనువు.

చప్పుడు లేని షటర్ వాడేవారికి ఒక జాగ్రత్త. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి మండపంలో చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియదు గాని బొమ్మ మీద చారలు పడతాయి. షటర్ వేగం సెకనులో 1/100 వంతు దగ్గర పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. తలంబ్రాల దగ్గర మాత్రం బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా నిలవాలంటే 1/500 కావాలి, అప్పుడు మామూలు షటరే వాడండి. మొదటి దోసిలి సిగ్గుతో పోస్తారు. మూడో దోసిలికి అసలు మనుషులు బయటపడతారు. అందరూ నవ్వడం అయిపోయాక కూడా వేలు తీయకండి. ఆ నవ్వు నెమ్మదిగా సద్దుమణిగే ముఖాలు ఎంత బాగుంటాయో!

ఒకసారి కన్యాదానమప్పుడు లెన్సు మారుస్తూ తల దించాను. ఎత్తేసరికి ఆ తండ్రి ఉత్తరీయంతో కళ్లు తుడుచుకోవడం పూర్తయింది. ఆ రోజునుంచి పీటల దగ్గర లెన్సు మార్చను, రెండు కెమెరాలు భుజాన వేసుకుంటాను.

అప్పగింతల్లో ఏడుపును మరీ దగ్గరకు వెళ్లి తీయడం నాకు చేతకాదు. రెండు బొమ్మలు తీసి కెమెరా దించుతాను. కాని కారు వెళ్లిపోయాక పది నిమిషాలు ఉంటాను. ఒక పెళ్లిలో అందరూ భోజనాలకు తిరిగి వెళ్లారు. అమ్మాయి చేతులు ముంచి అప్పగించిన పాలగిన్నె పట్టుకుని తల్లి గేటు దగ్గరే నిలబడి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు. ఒక్క బొమ్మ తీశాను. ఆల్బంలో చేర్చేముందు ఆమెకే చూపించి, వద్దంటే తీసేస్తానని చెప్పాను. చాలాసేపు చూసింది.

“రెండు కాపీలు వేయించు నాయనా,” అంది. “ఒకటి అమ్మాయికి పంపాలి.”