12718లో ఏ అంకె తీసేస్తారు? స్ట్రింగ్ మీద గ్రీడీ ఆల్గారిథమ్

[తెర: నల్లబోర్డు మీద పెద్ద అంకెల్లో 12718]

విజయవాడ నుంచి పొద్దున్నే విశాఖపట్నం బయల్దేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ నంబర్ ఇది. ఇందులోంచి ఒక్క అంకె తీసేయాలి. మిగిలిన నాలుగింటి వరస మారకూడదు. వచ్చే సంఖ్య వీలైనంత చిన్నదిగా ఉండాలి. ఏది తీస్తారు? వీడియో ఆపి కాగితం మీద వేసి చూడండి.

చాలామంది చెయ్యి నేరుగా 8 మీదకు పోతుంది. అన్నిటికన్నా పెద్దది అదే కదా! తీస్తే 1271 వస్తుంది. ఇప్పుడు 8ని ఉంచేసి 7 తీయండి. 1218. ఇదే చిన్నది.

కోడింగ్ ప్రాక్టీస్ చేసే వెబ్‌సైట్ లీట్‌కోడ్‌లో ఇది 402వ ప్రాబ్లమ్, మీడియం లెవల్. అంకెల స్ట్రింగ్ (అక్షరాల్లా వరసగా రాసిన అంకెలు) ఒకటి, కె అనే సంఖ్య ఒకటి ఇస్తారు. కె అంకెలు తీసేశాక వచ్చే అతి చిన్న సంఖ్యను మళ్ళీ స్ట్రింగ్‌గానే ఇవ్వాలి. సంఖ్యే కదా, స్ట్రింగ్ ఎందుకంటారా? పొడవు 1,00,000 అంకెల దాకా ఉండొచ్చు. జావాలో పెద్ద పూర్ణాంకాల కోసం ఉన్న లాంగ్ టైప్ కూడా 19 అంకెల దగ్గరే చేతులెత్తేస్తుంది.

పోనీ, అన్ని రకాలుగా తీసి చూద్దామా? 40 అంకెల్లో 20 తీయడానికే 13,784 కోట్లకు పైగా దారులున్నాయి. ఆ ఊసు వదిలేద్దాం.

[తెర: 1271, 1218 ఒకదాని కింద ఒకటి. మూడో అంకె చుట్టూ ఎర్ర గీత]

ఈ భాగం మాత్రం నిదానంగా వినండి. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో క్యాంపస్ సీజన్ వచ్చిందంటే కోడ్ బట్టీపట్టేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. ఇంటర్వ్యూలో "ఇది ఎందుకు కరెక్ట్?" అని అడిగితే మాత్రం టెన్షన్. నన్నడిగితే కోడ్ కన్నా ఈ కారణమే ముఖ్యం.

ఎన్ని తీయాలో ముందే చెప్పారు కాబట్టి, ఏవి తీసినా మిగిలే పొడవు ఒకటే. పొడవు సమానంగా ఉన్నప్పుడు ఏది చిన్నదో ఎడమ నుంచి మొదటి తేడా వచ్చిన చోటే తేలిపోతుంది. ఇక్కడ మూడో స్థానంలో ఒకదానికి 7, ఇంకోదానికి 1. అక్కడితో ఆట అయిపోయింది. చివర 8 ఉంటే ఏంటి, 9 ఉంటే ఏంటి? గ్రీడీ అంటే ప్రతి అడుగులో అప్పటికి ఏది మేలో దాన్నే పట్టుకోవడం. గ్రీడీగా ఉండాల్సింది ఎడమ స్థానాల కోసం.

అందుకని ఎడమ నుంచి నడవండి. అంకెలు పెరుగుతున్నా, సమానంగా ఉన్నా ముందుకు పోండి. మొదటి దిగుడు దగ్గర ఆగండి. మనకది 7 తర్వాత 1 వచ్చిన చోటు. దిగుడుకు ముందున్న 7ని తీసేయాలి. 7కి కుడివైపున ఏది తీసినా మూడో స్థానంలో 7 అలాగే కూర్చుంటుంది, అక్కడికి 1 రాదు. ఎడమవైపున తీస్తారా? అక్కడ అంకెలు ఎక్కుతూ వచ్చాయి, కాబట్టి ఖాళీ అయిన చోటుకి అంతకన్నా పెద్దదో, సమానమైనదో జరుగుతుంది. 1 తీస్తే 2718, 2 తీస్తే 1718. రెండూ నష్టమే.

కె ఎంతున్నా మిగిలినదాని మీద మళ్ళీ ఇదే పని. కానీ ప్రతిసారీ మొదటికి వెళ్ళక్కర్లేకుండా ఒక స్టాక్ పెట్టుకుందాం. పళ్ళేల దొంతర లాంటిది: పైనే పెడతాం, పైనుంచే తీస్తాం. పెడితే పుష్, తీస్తే పాప్.

[తెర: ఎడమవైపు 12718, కుడివైపు ఖాళీ స్టాక్, పైన కె = 2]

1 వచ్చింది, పుష్. 2, పుష్. 7, పుష్. ఇప్పుడు 1 వచ్చింది. స్టాక్ పైనున్న 7 దీనికన్నా పెద్దది, కె కూడా మిగిలుంది. 7ని పాప్ చేస్తాం, కె ఒకటికి దిగింది. ఇప్పుడు పైన 2 ఉంది, అదీ పెద్దదే. పాప్. కె సున్నా. 1 పుష్, 8 పుష్. 118. పెద్ద అంకెలు ఏరి 8, 7 తీసుంటే 121 వచ్చేది.

పోల్చేటప్పుడు "పెద్దదా" అని మాత్రమే అడగండి, "పెద్దదో సమానమో" అని రాస్తే బగ్. 112లో ఒక అంకె తీయమంటే జవాబు 11. సమానానికి కూడా పాప్ చేస్తే ఉన్న ఒక్క కె మొదటి 1కే ఖర్చయిపోయి 12 వస్తుంది.

ఇదే 112లో దిగుడే లేదు చూశారా? లూప్ అయిపోయినా కె మిగిలిపోతుంది. అప్పుడు మిగిలినన్ని చివర నుంచి కత్తిరించాలి.

[తెర: 520001]

విజయవాడ హెడ్ పోస్టాఫీస్ పిన్ కోడ్. రెండు తీయండి. 5 పోతుంది, 2 పోతుంది, 0001 మిగులుతుంది. ముందున్న సున్నాలు తీసేస్తే జవాబు 1. అన్నీ పోయి స్ట్రింగ్ ఖాళీ అయితే "0" ఇవ్వాలి. 10లో ఒక అంకె తీసే కేసు చాలు, చాలా కోడ్‌లు అక్కడ పడిపోతాయి. పైథాన్ రాసేవాళ్ళు సున్నాలు పోతాయి కదా అని ఇంట్‌లోకి, అంటే పూర్ణాంకంలోకి మార్చేస్తుంటారు. కొత్త వెర్షన్లలో స్ట్రింగ్ 4,300 అంకెలు దాటితే ఆ మార్పిడి వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. స్ట్రింగ్ ఎడమవైపు సున్నాలు కత్తిరించే ఎల్‌స్ట్రిప్ వాడండి.

"అన్నా, అంకెల మీద నడిచే ఫర్ లూప్ లోపల పాప్ చేసే వైల్ లూప్ ఉంది, పని ఎన్ స్క్వేర్ కాదా?" అని అడుగుతారు. కాదు తమ్ముడూ. ఒక్కో అంకె స్టాక్‌లోకి ఒక్కసారే వస్తుంది, బయటికి పోతే ఒక్కసారే పోతుంది. ఎన్ అంకెలకు పుష్‌లు, పాప్‌లు అన్నీ కలిపి 2ఎన్ దాటవు. ఒక అంకె దగ్గర వైల్ పదిసార్లు తిరిగిందంటే ఆ పది అంకెలు మళ్ళీ కనపడవు.

ఇది వచ్చేస్తే 316వ ప్రాబ్లమ్ పట్టుకోండి. డూప్లికేట్ అక్షరాలు తీసేసి నిఘంటువు వరసలో ముందు వచ్చే స్ట్రింగ్ ఇవ్వాలి. అక్కడా ఇదే స్టాక్, ఇదే పాప్. కాకపోతే కె ఉండదు. స్టాక్‌లో ఇప్పటికే ఉన్న అక్షరాన్ని మళ్ళీ పుష్ చేయకూడదు, తీయబోయే అక్షరం ముందు ముందు మళ్ళీ వస్తేనే పాప్ చేయాలి. కాబట్టి ప్రతి అక్షరం చివరిసారి ఎక్కడుందో ముందే రాసి పెట్టుకుని మొదలుపెట్టండి.