మంద ఇంటిదైనప్పుడు: అలాస్కా రెయిన్‌డీర్ కాపరులు

సభకు నమస్కారం.

అలాస్కా పశ్చిమ తీరంలో, బేరింగ్ జలసంధిని ఆనుకుని సీవార్డ్ ద్వీపకల్పం ఉంది. అక్కడి స్థానిక ఆదివాసులైన ఇనూపియాట్ ప్రజల్లో కొన్ని కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా రెయిన్‌డీర్ అనే మంచు ప్రాంతపు పెంపుడు జింకల మందలు కాస్తున్నాయి. ఆ పని ఆ నేలమీదికి వచ్చి నూట ముప్పై ఏళ్లు దాటింది, అంతే. అందుకే, "ఇది సంప్రదాయం ఎలా అవుతుంది? ప్రభుత్వం తెచ్చిపెట్టిన పథకమే కదా!" అనేవాళ్లున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. తెచ్చింది ప్రభుత్వమే, కానీ నిలబెట్టింది ఇళ్లు. మంద ఇంటివాళ్ల చేతిలో ఉన్నంతకాలం పని సాగింది. వాళ్ల చెయ్యి దాటినప్పుడల్లా మంద చెదిరిపోయింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో వేట ఓడలు ఆ సముద్రంలో తిమింగలాలను, వాల్రస్‌లనే పెద్ద కోరల సముద్ర జంతువులను విచ్చలవిడిగా చంపేశాయి. ఆ ప్రాంతంలో కారిబూ, అంటే రెయిన్‌డీర్ జాతికే చెందిన అడవి జింక, కూడా అప్పటికే బాగా తగ్గిపోయింది. తీరపు ఊళ్లలో తిండికి కటకట మొదలైంది. అలాస్కా విద్యా వ్యవహారాలు చూస్తున్న షెల్డన్ జాక్సన్ అనే క్రైస్తవ మిషనరీకి ఓ ఆలోచన వచ్చింది. జలసంధి అవతల సైబీరియాలో చుక్చీ ప్రజలు రెయిన్‌డీర్‌ను పెంచుకుంటున్నారు, వాటిని ఇటు ఎందుకు తేకూడదని. 1891లో 16 జంతువులు వచ్చాయి. మరుసటి ఏడు ద్వీపకల్పం తీరంలోని టెల్లర్ దగ్గర 171 దిగాయి. 1902 నాటికి మొత్తం 1,280 తెచ్చారు. పని నేర్పడానికి మొదట చుక్చీ కాపరులను, 1894లో నార్వే నుంచి సామీ కుటుంబాలను రప్పించారు. సామీలది తరతరాల కాపరి వృత్తి, పిల్లాజెల్లాతో తరలివచ్చారు.

జాక్సన్ చూసిన ఆకలి నిజమే. కానీ వేటగాళ్లను కాపరులుగా మారిస్తేనే "నాగరికులు" అవుతారన్న అహంకారం కూడా ఆ పథకంలో ఉంది. ఇనూపియాట్ యువకులను మిషన్లలో శిష్యులుగా పెట్టుకుని, ఏటా కొన్ని జంతువులు జీతంగా ఇచ్చేవారు. మంద యజమానులు మాత్రం చాలాకాలం ప్రభుత్వం, మిషన్లు, సామీలే. ఎవరి కోసం తెచ్చామన్నారో వాళ్ల వాటా చివరి వరసలో ఉండేది.

ఆ వరసను దాటిన మొదటి ఇల్లు చార్లీ ఆంటిసార్లుక్, మేరీ దంపతులది. మేరీ తల్లి ఇనూపియాట్, తండ్రి రష్యన్ వర్తకుడు. ఇనూపియాక్, రష్యన్, ఇంగ్లీషు మూడూ వచ్చు కాబట్టి తొలి ప్రయాణాల్లో జాక్సన్‌కు ఆమే దుబాసీగా పనిచేసింది. 1895లో ప్రభుత్వం ఈ దంపతులకు వందకు పైగా రెయిన్‌డీర్‌ను అప్పుగా ఇచ్చింది. మందను పెంచుకుని, కొన్నేళ్ల తర్వాత అన్ని జంతువులనే తిరిగివ్వాలన్నది ఒప్పందం.

1897 చలికాలంలో అలాస్కా ఉత్తర కొసన ఉన్న బారో దగ్గర వేట ఓడలు మంచులో చిక్కుకున్నాయి. నావికులకు తిండి చేర్చాలి. అధికారులు వచ్చి చార్లీ మందను అడిగారు. అతను వెంటనే సరే అనలేదు, ఎందుకంటే ఆ మంద మీద తన ఇల్లే కాదు, చుట్టుపక్కల జనం కూడా ఆధారపడి ఉన్నారు. తిరిగిస్తామని మాట తీసుకుని, చివరికి 130కి పైగా జంతువులను ఇచ్చాడు. తనూ వెంట నడిచాడు. మరో మందతో కలిపి వాటిని వెయ్యి కిలోమీటర్లకు పైగా, నడి చలికాలంలో, తోలుకెళ్లారు.

1900లో తట్టు జ్వరం, ఫ్లూ ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టాయి. చార్లీ పోయాడు. మందలో వాటా కావాలని భర్త తరఫు వాళ్లు వచ్చారు. ఆడదానికి, అందులోనూ స్థానిక స్త్రీకి, ఇంత ఆస్తి ఎలా అన్న ప్రశ్న లేచింది. ఎంత పోరాడినా ఆమెకు మిగిలింది సగం మంద. అప్పటికే ద్వీపకల్పంలోని నోమ్ పట్టణంలో బంగారం పడి జనం ఎగబడుతున్నారు. మాంసం ధర చూసి మేరీ మంద మీద, ఆమెను పెళ్లాడితే మంద దక్కుతుందని ఆమె మీద, కన్నేసినవాళ్లకు కొదవ లేదు. ఆమె మందను తోలుకుని దక్షిణాన ఉనలక్లీట్‌కు వెళ్లిపోయింది. కడుపున పుట్టిన పిల్లలు లేరు. జ్వరాల్లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను చేరదీసి పెంచుకుంది, వాళ్లకు పని నేర్పింది. ఆ మంద వెయ్యి దాటింది. 1948లో పోయేనాటికి ఆమెను జనం రెయిన్‌డీర్ రాణి అని పిలుచుకునేవారు. ఈ వృత్తి కుటుంబ సంప్రదాయం ఎప్పుడైందని ఎవరైనా అడిగితే నేను మేరీ ఇంటినే చూపిస్తాను. అక్కడ పని రక్తసంబంధంతో పాకలేదు, పెంపకంతో పాకింది.

ఈ పని దగ్గరినుంచి ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. జూన్, జులైలలో దోమలు, ఈగల బాధకు రెయిన్‌డీర్ ఒక్కచోట గుంపుగా చేరి, గాలి తగిలే తీరం వైపు వస్తాయి. కాపరులకు అదే అదను. ఒకప్పుడు కాలినడకన తోలేవారు, ఇప్పుడు నాలుగు చక్రాల బైకులు, ఒక్కోసారి హెలికాప్టర్ కూడా వాడతారు. దొడ్డిలోకి వచ్చాక మంద గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. వేలాది కాళ్ల నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. నడిచేటప్పుడు పాదంలో కండరాన్ని ఎముకకు కలిపే పోగు ఎముక మీద జారితే వచ్చే చప్పుడది. కొన్నింటిని విడదీసి ఇరుకు దారిలోకి నెడతారు. బలమైనవాళ్లు కొమ్ములు పట్టుకుని ఆపుతారు, ఒకరు చెవి చూస్తారు. పూర్వం ప్రతి ఇంటికీ చెవి మీద ఒక కోత గుర్తు ఉండేది, తర్వాత ప్లాస్టిక్ బిళ్లలు వచ్చాయి. కొత్త పిల్ల ఏ తల్లి వెంట పరుగెడుతుందో చూసి, తల్లి ఎవరిదో తేల్చి, పిల్లకూ అదే గుర్తు వేస్తారు. పక్కన ఒకరు లెక్క రాస్తుంటారు. నూగు ఆరని లేత కొమ్ములు కోసి అమ్మేవారు, వాటికి కొరియాలో ఔషధంగా గిరాకీ ఉండేది. ఏ జంతువు బెదురుతుంది, ఏది మందను నడిపిస్తుంది అన్నది పిల్లలు ఆ దొడ్డిలో నిలబడే తెలుసుకుంటారు, మన గొల్ల కురుమల ఇళ్లలో పిల్లలు మంద వెంట తిరిగి నేర్చుకున్నట్టే.

ఇక చెయ్యి దాటిన కథ. 1914లో నోమ్‌కు చెందిన లోమెన్ కుటుంబం మందలు కొనడం మొదలుపెట్టింది. మాంసాన్ని ఓడల్లో దక్షిణాన ఉన్న మిగతా అమెరికాకు పంపింది. 1920లలో అమెరికా నగరాల్లో క్రిస్మస్ ఊరేగింపులకు శాంటాతోపాటు రెయిన్‌డీర్‌ను పంపి ప్రచారం చేసుకుంది. మందలు కలిసిపోయాయి, కాపలా సడలింది. అదే కాలంలో అధికారులు ఇనూపియాట్ చిన్న మందలను కూడా ఉమ్మడి కంపెనీలుగా కలిపారు. తన చెవి గుర్తున్న జంతువులకు బదులు మనిషి చేతిలో వాటా కాగితం మిగిలింది. తనదేదో తెలియని మంద కోసం నడిరాత్రి మంచులో ఎవరు నిలబడతారు? 1930ల మొదట్లో అలాస్కాలో ఆరు లక్షలకు పైగా ఉన్న రెయిన్‌డీర్ 1950 నాటికి పాతిక వేలకు పడిపోయింది. తోడేళ్లున్నాయి, నేల మీద, రాళ్ల మీద నాచులా పెరిగే లైకెన్ మేత అయిపోయింది, కారిబూతో కలిసి వెళ్లిపోయినవి ఉన్నాయి, నిజమే. కానీ కాపలా లేకపోవడం వీటన్నిటికీ తలుపు తీసిపెట్టిందని నా నమ్మకం.

1937లో వచ్చిన చట్టం రెయిన్‌డీర్ యాజమాన్యాన్ని అలాస్కా స్థానిక ప్రజలకే పరిమితం చేసింది. లోమెన్ల మందలను ప్రభుత్వం కొనేసింది. ఆ తర్వాత మళ్లీ పాత పద్ధతే: ఒక్కో ఇంటికి మందను అప్పుగా ఇచ్చి, జంతువుల రూపంలోనే తిరిగి తీసుకోవడం. ఇవాళ సీవార్డ్ ద్వీపకల్పంలో కాపరులమని చెప్పుకునే ఇళ్లు చాలావరకు అలా నిలదొక్కుకున్నవే.

రెండో దెబ్బకు మనుషుల తప్పు లేదు. 1990లలో పశ్చిమ ఆర్కిటిక్ కారిబూ మంద ద్వీపకల్పంలోకి వచ్చింది. 2003లో దాని సంఖ్య 4,90,000. రెయిన్‌డీర్, కారిబూ ఒకే జాతి. లక్షల కారిబూ పక్కనుంచి వెళ్తుంటే పెంపుడువి కూడా కలిసి నడిచేస్తాయి. కొన్ని ఇళ్లు తరాల కష్టాన్ని ఒకటి రెండు చలికాలాల్లో పోగొట్టుకున్నాయి. మెడకు శాటిలైట్ పట్టీలు కట్టి, మందను పక్కకు మళ్లించి కొందరు కాపాడుకున్నారు. కారిబూ ఎప్పుడొస్తుందోనన్న టెన్షన్‌తో ఏళ్ల తరబడి నిద్ర లేదు వాళ్లకు.

2023 లెక్కల ప్రకారం ఆ కారిబూ మంద 1,52,000కు తగ్గింది. వేటాడి తెచ్చిన కారిబూ మాంసాన్ని అమ్మడం కుదరదు, రెయిన్‌డీర్ మాంసాన్ని అమ్ముకోవచ్చు. సరుకంతా విమానంలో రావాల్సిన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. అయితే మంద పోయినప్పుడు పసివాళ్లుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ముప్పై దాటారు, దొడ్డిలో నిలబడి నేర్చుకోవాల్సిన వయసులో వాళ్లకు దొడ్డే లేదు. తెలిసినవాళ్లు తాతలైపోయారు. కాబట్టి ఈ పదేళ్లలోనే, ఆ తాతలు దొడ్డి దాకా నడవగలిగినప్పుడే, జంతువులను మళ్లీ అప్పుగా ఇవ్వాలి. ఆ ఒప్పందం ఇంటి పేరు మీద రాయాలి, కంపెనీ పేరు మీద కాదు.

ప్రశ్నలుంటే అడగండి, మాట్లాడుకుందాం.